భజన సమాజంలో చేరాలంటే ముందే పాట వచ్చి ఉండాలా?

మీరు అడిగింది ఇది: ఉద్యోగం మీద సింగరాయకొండ వచ్చారు, వయసు నలభై. మీ వీధి చివర రామాలయంలో యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న మగవాళ్ల భజన సమాజం ఉంది. శనివారం రాత్రిపూట గుడి బయట నిలబడి విని ఇంటికి వచ్చేస్తున్నారు. సంగీతం రాదు, లోపల కూర్చున్నవాళ్లంతా అరవై దాటినవాళ్లు. చేర్చుకుంటారా, ఏమన్నా నేర్చుకుని వెళ్లాలా, రేపు బదిలీ అయి మానేస్తే తప్పుగా అనుకుంటారా అని.

చేర్చుకుంటారు. ఏమీ నేర్చుకోకుండా వెళ్లండి. నేను నేర్చుకుని వెళ్లి పరువు పోగొట్టుకున్నాను.

మాది కందుకూరు దగ్గర పల్లె. మా సమాజం ఎప్పుడు మొదలైందో ఎక్కడా రాసి లేదు గానీ, హార్మోనియం పెట్టె మీద తెల్ల పెయింటుతో ఊరి పేరు, దాని కింద ‘నెల్లూరు జిల్లా’ అని ఉంటుంది. అంటే 1970కి ముందుది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడి మా తాలూకా అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. అందుకని చందా రసీదుల మీద ‘ప్రకాశం జిల్లా’ అని ఉంటుంది. 2022లో జిల్లాలు మార్చి మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపినప్పుడు మా లెక్కలు చూసే ఆయన సంబరపడ్డాడు, పెట్టె మీద పెయింటు ఖర్చు తప్పిందని.

నేను చేరింది తొమ్మిదేళ్ల కింద. వెళ్లే ముందు నెల రోజులు ఫోన్లో వీడియోలు పెట్టుకుని నాలుగు రామదాసు కీర్తనలు బట్టీ పట్టాను. మొదటి శనివారమే వాటిలో ఒకటి వచ్చింది. ఇక ఆగుతానా, అందరికంటే ముందు అందుకున్నాను. మొదటి పాదం బాగానే పోయింది. రెండో పాదంలో నేను పైకి పోతే మిగతా పదకొండు మందీ కిందికి పోయారు. వీడియోలో ఆయనది కచేరీ పద్ధతి. మావాళ్లది ఎప్పుడో ఊరికి వచ్చిన హరికథ దాసు గారు నేర్పిపోయిన వరస. పక్కన కూర్చున్న టైలర్ మామ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. నా వైపు చూడలేదు, ఒక్క మాట అనలేదు. చెయ్యి అలాగే ఉంచి పాట పూర్తి చేశాడు. వచ్చినదాన్ని మర్చిపోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. పుస్తకంలో ఏ రాగం రాసి ఉన్నా, మీ గుళ్లో పాడే వరసే మీకు వరస. అందుకని ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కుని అక్కడ విన్నది విన్నట్టు రాసుకోండి.

చేరగానే మీకిచ్చే పని వంత. ముందు పాడే ఆయన ఒక పాదం అంటారు, మిగతావాళ్లంతా అదే పాదం తిరిగి అంటారు. గుడి బయటి నుంచి వింటే వంతకి గొంతు ఉంటే చాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి మొదటి ఏడాదంతా గొంతు చించుకున్నాను. ముందు పాడే మాస్టారు ఒకరోజు టీ తాగుతూ అన్నారు: “అబ్బాయ్, నువ్వు పాడేది నేను ఊపిరి తీసుకోవడానికి. పాదం చివర అట్లా లాగితే నేనెక్కడ ఎత్తుకునేది?”

ఆ వారం జాగ్రత్తగా గమనించాను. పాదం చివర ‘రామా’ అని ఉంటే, ఆ ‘మా’ని నేను ఇంకో రెండు తాళం దెబ్బల దాకా సాగదీస్తున్నాను. నాకది భక్తి. ఆయనకి మాత్రం ప్రతిసారీ నా గొంతు మీదుగా అరిచి తర్వాతి పాదం ఎత్తుకోవాల్సి వస్తోంది. తొమ్మిది చరణాల కీర్తన అయ్యేసరికి మనిషి ఆయాసపడుతున్నాడు. డెబ్బై రెండేళ్లు అప్పటికి. మరుసటి శనివారం నుంచి చివరి అక్షరాన్ని తాళం దగ్గర టక్కున వదిలేయడం మొదలుపెట్టాను. ఇంకో నెలకి ఆయన వదిలేసిన చరణాలు కూడా మళ్లీ పాడటం మొదలుపెట్టారు.

ఇంకొకటి ఎత్తుగడ, అంటే పాట ఎత్తుకునే చోటు. అన్ని పాటలూ సరిగ్గా దెబ్బ మీదే మొదలుకావు, కొన్ని దెబ్బ పడ్డాక కాస్త ఆగి మొదలవుతాయి. ఆదితాళమైతే ఎనిమిది ఎలాగో లెక్కపెట్టుకోవచ్చు. మిశ్రచాపు వచ్చిందంటే ఏడు లెక్క, అది మూడూ నాలుగుగా విరుగుతుంది, కొత్తవాడు తప్పక తప్పుతాడు. వేళ్లు మడుస్తూ కూర్చుంటే పాట వెళ్లిపోతుంది. తాళాలు వాయించే ఆయన పక్కన చోటు చూసుకుని, ఆయన మోచెయ్యి లేచేటప్పుడు నోరు తెరవండి. మైకు దగ్గర మాత్రం కూర్చోవద్దు, మొదటి ఏడాది అస్సలు వద్దు.

త్యాగరాజు దివ్యనామ కీర్తనలు పాడే సమాజమైతే మీ అదృష్టం. వాటిలో చాలావాటికి చరణాలన్నిటికీ ఒకటే వరస, రెండో చరణానికల్లా మీరూ కలుస్తారు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల కదా. ఆ పెద్దలు మన కంభం వైపు కాకర్ల నుంచి తంజావూరు సీమకు పోయినవాళ్లేనంటారు. దాంతో మా టైలర్ మామకి ఆయన పొరుగూరి మనిషి అయిపోయాడు. “మన కాకర్లోళ్ల పాట అందుకోండి” అంటాడు.

శ్రుతి సంగతి, అంటే ఎంత ఎత్తు గొంతులో పాడాలనేది, మీ వయసువాళ్లకి ముందే చెప్పాలి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. మా హార్మోనియంలో రెండో శ్రుతి మెట్టు మీద రేకు అరిగిపోయి కింద చెక్క కనిపిస్తుంది. అన్నేళ్లు షడ్జమం, అంటే ‘స’, అక్కడే పట్టారు. ఇప్పుడు ఒకటికి దించి పాడుతున్నాం. నాకు అది చప్పగా అనిపించి, ఒక్కసారి రెండులో పాడదామని అడిగాను. మాస్టారు సరేనన్నారు. చరణం పైకెక్కే చోట ఏడుగురు ఆగిపోయారు. మిగిలిన పాట దాదాపు నేనూ ఆయనే పాడాం. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆడవాళ్లని ఎందుకు కలుపుకోరంటే మావాళ్లు ఈ శ్రుతే చెప్తారు, వాళ్లది నాలుగో అయిదో, మనది ఒకటీ అని. అది సగం నిజం, సగం సాకు. మా ఊళ్లో ఆడవాళ్ల కోలాటం జట్టు ఇప్పుడు మాకంటే పెద్దది.

ఇక మామూలు సంగతులు. చందా మాకు నెలకి వంద. తెల్ల పంచె, పైన కండువా. కీర్తనలు నేర్పే క్లాసు అంటూ ఏదీ ఉండదు. ధనుర్మాసంలో నెల రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకి గుడి దగ్గరుండాలి, నగర సంకీర్తన ఊరంతా తిరిగి రావాలి. మంచులో గొంతు పట్టేస్తుంది, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి, పొంగలి వేడివేడిగా ఉంటుంది. ఏడాదికోసారి శనివారం మాలకొండ నరసింహస్వామి గుడికి వెళ్తాం, ఆ గుడి తెరిచేదే శనివారాల్లో. ఇంట్లో ఎవరన్నా పోతే తత్త్వాలు పాడటానికి పిలుస్తారు, అర్ధరాత్రయినా వెళ్లాలి. అది ఇష్టం లేకపోతే ముందే చెప్పండి, తప్పేం లేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు మండే రోజుల్లో సగం మంది రారు, వచ్చినవాళ్ల కండువాలు పొగాకు వాసన కొడతాయి.

మానేయడం గురించి: రానివాణ్ణి ఎవరూ ఏమీ అనరు. చెప్పకుండా రానివాణ్ణి అంటారు. బదిలీల ఉద్యోగమని మొదటి రోజే చెప్పేయండి. నాతోపాటు చేరిన బ్యాంకు ఉద్యోగి రెండేళ్లకే వెళ్లిపోయాడు, ఇప్పటికీ శ్రీరామనవమికి చందా పంపిస్తాడు, ఆయన కూర్చునే చోటు గురించి మావాళ్లు ఇంకా చెప్పుకుంటారు.

ఒక్కటి మాత్రం తప్పించుకోవద్దు, ఏకాహం. ఇరవై నాలుగు గంటలు నామం ఆగకూడదు. జట్టుకి రెండేసి గంటలు. రాత్రి రెండు నుంచి నాలుగు కొత్తవాళ్లకే పడుతుంది, అందులో మోసం ఏమీ లేదు, పెద్దవాళ్లు ఆ టైములో కూర్చోలేరు. మొదటిసారి మూడు గంటలప్పుడు నేను నామం చెప్తూనే నిద్రపోయానట. నోరు ఆగలేదట గానీ నామం నడక, అంటే వేగం, మాత్రం పరుగందుకుందట, పక్కవాళ్లు నన్ను తట్టుకోలేక వాళ్లూ పరుగెత్తారు. నాలుగింటికి తర్వాతి జట్టు వచ్చి మా ఎదురుగా కూర్చుంది. తాళాలు చేతులు మారేటప్పుడు చప్పుడు ఆగకూడదు కదా, వచ్చినాయన తన జత మా నడకలో కలిపి, తాళం నాలుగైదు చుట్లు తిరిగేలోపు మెల్లగా వెనక్కి లాగి మామూలు నడకకి తెచ్చాడు. అప్పుడు కళ్లతో సైగ చేశాడు. మేం ఆపి లేచాం. బయట టీ తాగుతుంటే లోపల నామం మా జట్టు మొదలుపెట్టినప్పటి నడకలోనే వినిపించింది.

ఈ శనివారం బయట నిలబడకండి. చెప్పులు విడిచి లోపలికెళ్లి, “పాట రాదండీ, వంతకి కూర్చుంటాను” అనండి. కాసేపటికి ఎవరిదో చెయ్యి మీ మోకాలి మీద పడుతుంది. పాట ఆపొద్దు, గొంతు ఒక్కటి తగ్గించండి.