అత్తయ్యగారి పిల్లి, మా రాకీ

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. నేను, మావారు, పదకొండేళ్ళ బాబు, నాలుగేళ్ళ లాబ్రడార్ రాకీ. సంక్రాంతికి ముందు మామయ్యగారు పోయారు. తెనాలి దగ్గర పల్లెలో ఇంటికి తాళం వేసి అత్తయ్యగారిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడతో పాటు బంగారి అనే ఆరేళ్ళ ఆడపిల్లి కూడా వచ్చింది. మామయ్యగారు పెంచిన పిల్లి. కారులోంచి బుట్ట తెచ్చి హాల్లో పెట్టి మూత తీశామో లేదో, యుద్ధం మొదలైంది. రాకీ తోక ఊపుతూ, మొరుగుతూ తరుముతాడు, దాని ముందు ముందుకాళ్ళు చాపి నడుము పైకెత్తి వంగుతాడు. అది ఫ్రిజ్ ఎక్కి బుస కొడుతుంది. పిల్లి దొడ్డికి వెళ్ళడానికని షాపులో కొన్న లిట్టర్ బాక్స్ వైపు చూడనైనా చూడదు. మూడుసార్లు మా మంచం మీదే పోసింది. నాలుగు రోజుల కిందట మావాడు రీల్ తీద్దామని దాన్ని ఎత్తి రాకీ మొహం ముందు పెడితే చెయ్యి గీరేసింది. కాస్త రక్తం వచ్చింది, పసుపు రాశాం. ఆ కోపంలో మావారు ‘దీన్ని చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే హాయిగా బతుకుతుంది’ అన్నారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి కంచం గదిలోకి తీసుకెళ్ళి తింటున్నారు. నిజం చెప్పాలంటే రాకీ నాకు రెండో కొడుకు. పిల్లి అంటే మొదటి నుంచీ పడదు. అయినా ఆవిడ మొహం చూస్తే ముద్ద దిగట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా చూపు పసుపు దగ్గరే ఆగిపోయింది. ముందు ఆ సంగతి చూద్దాం, మిగతాది తరువాత చదవండి. పల్లెలో ఇంటా బయటా తిరిగిన పిల్లికి టీకాలు వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించి ఉండరనే అనుకుంటున్నాను. రక్తం వచ్చేలా గీరింది కాబట్టి బాబుని ఈరోజే డాక్టరుకి చూపించండి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. టీకాతో పాటు ఇంకేమైనా ఇవ్వాలా అన్నది గాయం చూసి వాళ్ళే చెబుతారు. నాలుగు రోజులైంది కదా, ఇప్పుడెందుకులే అనుకోకండి. ఆలస్యమైనా వేయించాల్సిందే. ఇకముందు కుక్క గీరినా పిల్లి గీరినా కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం మొదటి పని. పసుపూ సున్నం జోలికి వెళ్ళొద్దు. అలాగే బంగారిని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి గీరిన సంగతి చెప్పి, టీకా ఎప్పుడు వేయాలో కనుక్కోండి. రాకీ కార్డు కూడా తీసి చూడండి, ఏడాది దాటిపోయిందేమో. పాశ్చర్ 1885లో ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేసింది జూలై 6న. ఆ గుర్తుగా ఏటా ఆరోజు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకి ఉచితంగా వేస్తారు. మీరు మాత్రం జూలై దాకా ఆగకండి.

ఇక చేపల మార్కెట్ మాట. మీవారు కోపంలో అన్నారు, నిజంగా వదిలేసే మనిషి కాకపోవచ్చు. కానీ చాలామంది అది నిజంగానే పిల్లికి మంచి చేయడం అనుకుంటారు. మార్కెట్ దగ్గర అప్పటికే పిల్లులు కాపురాలు పెట్టి ఉంటాయి, వాటికి హద్దులుంటాయి. వీధికుక్కలు సరే సరి. ఆరేళ్ళు ఒక మనిషి ఒళ్ళో పడుకుని, గిన్నెలో పెరుగన్నం, ఎండు నెత్తళ్ళు తిన్న పిల్లి అక్కడ వారం నిలబడితే గొప్ప. తిండీ నీళ్ళూ దొరక్క అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. మొదటిసారి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలని అందులో రాశారు. కాబట్టి మీవారిని చట్టంతో భయపెట్టే ఆలోచన పెట్టుకోకండి, నవ్వేస్తారు.

అసలు తప్పు మొదటి గంటలో జరిగింది. మీరు కావాలని చేయలేదు, అందరూ అలాగే చేస్తారు. బుట్ట హాల్లో పెట్టి మూత తీసి ‘కలిసిపోతాయిలే’ అనుకుంటారు. ఆ పిల్లి వైపు నుంచి ఒక్కసారి చూడండి. పుట్టి పెరిగిన పెరడు పోయింది, ఒళ్ళో కూర్చోబెట్టుకునే మనిషి పోయాడు, ఆరేడు గంటలు కారులో కుదిపేశారు. బుట్ట తెరిచేసరికి ఎదురుగా దాని ఒంటికి ఏడెనిమిదింతలున్న జంతువు. పిల్లికి మనుషుల కంటే ముందు చోటు కావాలి. ఏ మూల ఏముందో, దేని మీదికి ఎక్కొచ్చో, ఎటు పారిపోవచ్చో తెలిస్తేగాని దానికి ఊపిరాడదు. మీ ఇంట్లో దానికి ఇప్పటికి తెలిసిన చోటు ఒక్కటే, ఫ్రిజ్ పైన.

రాకీ తప్పు కూడా పెద్దగా లేదు. మీరు రాసినదాన్ని బట్టి అతను తోక ఊపుతూ, మొరుగుతూ, ముందుకాళ్ళు చాపి నడుము పైకెత్తి వంగుతున్నాడు. కుక్క భాషలో అది ఆటకి పిలుపు. పిల్లి లోకంలో అలా ముందుకి వంగిందంటే దూకబోతోందనే. కుక్క తోక ఊపితే సంబరం, పిల్లి తోకని అటూ ఇటూ కొడితే చిరాకు. ఒకరి పిలుపు ఇంకొకరికి తిట్టులా వినబడుతోంది. అయితే ఒకటి గమనించండి. రాకీ ఎప్పుడైనా మొరగడం మానేసి, ఒళ్ళు బిగపట్టి, కన్నార్పకుండా దాన్నే చూస్తూ, మీరు బిస్కెట్ చూపించినా తల తిప్పకపోతే అది ఆట కాదు, వేట. అలా కనిపిస్తే ఇక్కడ చెప్పేవన్నీ ఆపేసి, కుక్కల శిక్షకుడితో ముందు మాట్లాడండి. ఆ రెండింటినీ ఒంటరిగా ఒక గదిలో ఎప్పుడూ వదలొద్దు.

ఇప్పుడు చేయాల్సింది, జరిగినదంతా చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం. అత్తయ్యగారి గదిని కనీసం పది రోజులు బంగారి గదిగా వదిలేయండి. తలుపు మూసే ఉంచండి. నీళ్ళు, తిండి, మట్టి ట్రే అన్నీ లోపలే. బీరువా మీదున్న సూట్‌కేసులు తీసేసి అత్తయ్యగారి పాత చీర ఒకటి మడతపెట్టి పరవండి. ఎక్కడానికి పక్కన ఒక స్టూలు వేస్తే చాలు. రెండో రోజో మూడో రోజో అది అక్కడి నుంచి గదంతా చూస్తూ పడుకుంటుంది. తోక పైకి నిలబెట్టి నడుస్తోందంటే కుదుటపడుతున్నట్టే. అప్పుడు ఒక పాత తువ్వాలుతో రాకీ మెడా వీపూ తుడిచి దాని గదిలో పెట్టండి. దాని చెంపలు తుడిచిన గుడ్డ రాకీ పరుపు దగ్గర వేయండి. ముక్కుతో పరిచయమయ్యాకే కళ్ళతో. తరువాత మూసిన తలుపుకి అటొకటి ఇటొకటి గిన్నెలు పెట్టండి. మొదట నాలుగడుగుల దూరంలో, రోజుకి ఇంత చొప్పున దగ్గరికి జరుపుతూ. తలుపు అవతలి వాసనతో పాటే నాలుక మీద రుచి వస్తుంటే ఆ వాసన మీద కోపం తగ్గుతుంది. మనుషుల్లో కూడా గొడవపడ్డవాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించేది ఇందుకే అనిపిస్తుంది నాకు.

ఇది సాఫీగా సాగాక గుమ్మానికి జాలీ తలుపు బిగించండి. దోమల కోసం అయస్కాంతాలతో అతుక్కునే పరదాలు వస్తాయి, అవి వద్దు, రాకీ ఒక్క తోపుకి లోపల ఉంటాడు. జాలీలోంచి చూసుకోవడం అలవాటయ్యాక, రాకీని బాగా తిప్పుకొచ్చి అలసిపోయినప్పుడు బెల్టుతో హాల్లో కూర్చోబెట్టి గది తలుపు తీయండి. బంగారిని ఎత్తుకుని తేవద్దు. వస్తే అదే వస్తుంది, రాకపోతే రేపు. రాకీ దాన్ని చూసి మళ్ళీ మీ వైపు తల తిప్పిన క్షణంలో చేతిలో ఉన్న ముక్క పెట్టండి. ఐదు నిమిషాలు చాలు. అరవడం, కొట్టడం వద్దు. పిల్లి కనబడినప్పుడల్లా తిట్లు పడితే ఆ కక్ష పిల్లి మీదే పెట్టుకుంటాడు. ఇదంతా ఆరు వారాల్లో అవ్వొచ్చు, నాలుగు నెలలూ పట్టొచ్చు. ఒకదాన్నొకటి నాకుతూ ఫోటోలకి పోజులిచ్చేంత స్నేహం కుదరకపోవచ్చు కూడా. హాల్లో ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి, పట్టించుకోకుండా పడుకుంటే చాలు. ఒకే ఇంట్లో ఉన్న తోడికోడళ్ళందరూ ప్రాణస్నేహితులా ఏమిటి?

బాబు రీళ్ళు మాత్రం ఈరోజుతో ఆపించండి. తీస్తానంటే రాకీ బుద్ధిగా కూర్చున్నప్పుడు తీయమనండి.

మంచం మీద పోయడం గురించి. అది పగ కాదు. ముందు డాక్టరు దగ్గర మూత్రం పరీక్ష చేయించండి. టెన్షన్‌లో ఉన్న పిల్లులకి మూత్రాశయం వాచి, ఎక్కడపడితే అక్కడ చుక్కచుక్కగా పోస్తాయి. అది లేదని తేలితే ట్రే సంగతి చూడాలి. ఆరేళ్ళు పెరట్లో మట్టి తవ్వుకున్న పిల్లికి మీరు కొన్న సువాసనల గుళికలు చూపిస్తే దానికేం అర్థమవుతుంది? ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మామూలు ఇసుకో, పొడి మట్టో పోసి పెట్టండి. అలవాటయ్యాక వాసన లేని లిట్టర్ రోజుకో గుప్పెడు కలుపుతూ పోండి. ట్రేలు రెండుంటే మంచిది, రోజూ తీసేయాలి, రాకీ మూతి అందనిచోట ఉండాలి. కుక్కలు పిల్లి దొడ్డి తింటాయి, వినడానికి రోతగా ఉన్నా ముందే చెప్పడం నయం. పరుపు మీద వాసన పోవడానికి డిటర్జెంట్ నీళ్ళు, తరువాత ఎంజైమ్ క్లీనర్ వాడండి. ఫినాయిల్ మాత్రం వద్దు. గచ్చు తుడిచినా సరే, పిల్లి పాదాలకి అంటుకుంటే నాక్కుంటుంది, దానికి అది విషం.

విషం అంటే ఇంకొకటి. రాకీకి పిడుదులకి, కొన్నిచోట్ల గోమార్లంటారు, మెడ మీద పోసే మందు ఏదైనా వాడుతున్నారా? డబ్బా మీద పెర్మెత్రిన్ అని ఉందేమో చూడండి. కుక్కకి ఏమీ కాదు, పిల్లికి మాత్రం ప్రాణాంతకం. చాలా ఏళ్ళ కిందట మా ఇంట్లో కుక్కకి ఆ మందు పోసిన రాత్రి పిల్లి దాని వీపుకి ఆనుకుని పడుకుంది. ఆ రెండూ అంత స్నేహం. తెల్లారేసరికి పిల్లి ఒళ్ళంతా వణుకు, నోట్లోంచి చొంగ. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీరు అడక్కపోయినా చెబుతున్నాను. రెండూ ఉన్న ఇంట్లో మందు ఏది కొన్నా ‘పిల్లి కూడా ఉంది’ అని చెప్పి కొనండి. జ్వరం వచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క పెట్టినా పిల్లి బతకదు. తిండి కూడా ఎవరిది వాళ్ళకే. కుక్కల తిండి మీద పిల్లి నిలవదు. మాంసంలో దొరికే టౌరిన్ అనే పదార్థం చాలకపోతే దాని గుండె, కళ్ళు దెబ్బతింటాయి. బంగారి గిన్నె ఎత్తులో పెట్టండి, లేకపోతే రాకీ రెండు భోజనాలు చేస్తాడు.

ఇప్పుడు అత్తయ్యగారు. మీరు ఆవిడ గురించి రాసింది రెండు మూడు వాక్యాలే, కానీ ఉత్తరం రాయించింది ఆవిడేనని నాకు అనిపిస్తోంది. ఆ ఇంట్లోంచి ఆవిడతో వచ్చిన ప్రాణం ఆ పిల్లి ఒక్కటే. చేపల మార్కెట్ అన్న మాట ఆవిడకి పిల్లి గురించి అన్నట్టు వినబడి ఉండదు. కొడుకు ఇంట్లో తన చోటు ఎంతో ఆ నోటితోనే విన్నట్టయింది. అందుకే కంచం గదిలోకి వెళ్ళింది. దీనికి మీరు క్షమాపణ చెప్పి లాభం లేదు. మీవారే వెళ్ళి ఆ మంచం మీద కూర్చుని ‘అమ్మా, అలా అని ఉండకూడదు, బంగారి ఇక్కడే ఉంటుంది’ అనాలి. మీరు పక్కన లేనప్పుడు అంటే ఇంకా మంచిది.

మీరు చేయాల్సింది వేరే ఉంది. పైన చెప్పినవన్నీ అత్తయ్యగారి చేతుల్లో పెట్టండి. ‘నాకు పిల్లుల సంగతి తెలీదు అత్తయ్యా, మీరు చెప్పండి, నేను రాకీని పట్టుకుంటాను’ అనండి. అబద్ధం కూడా కాదు కదా. గిన్నె ఎప్పుడు జరపాలో, తలుపు ఎప్పుడు తీయాలో ఆవిడ చెప్పాలి. ఆ గుమ్మానికి అటు ఆవిడ, ఇటు మీరు, రోజుకి రెండు పూటలు. మామయ్యగారి కండువా ఏదైనా ఉతకకుండా దాచుకుని ఉంటే, బీరువా మీద పరిచిన చీర పక్కన పెడితే పిల్లి తొందరగా కుదుటపడుతుంది. కానీ ఈ మాట మెల్లగా అడగండి. ఇవ్వనంటే మళ్ళీ ఎత్తకండి.

మీకు పిల్లి అంటే పడదన్నారు. పడనవసరం లేదు, ప్రేమ ఎవరూ అడగట్లేదు. రాకీ మీ రెండో కొడుకు అన్న మాట కూడా నాకు అర్థమవుతుంది. ఈ గొడవలో అతని రోజువారీ షికారు ఒక్కరోజు కూడా తప్పకూడదు. కొత్తగా వచ్చినదాని వల్ల తన వాటా తగ్గిందని అతనికి అనిపించకపోతే సగం పని అయిపోయినట్టే.

చివరిగా, బాల్కనీ. నాలుగో అంతస్తు అన్నారు. పావురాన్ని చూసి పిల్లి రెయిలింగ్ మీదికి దూకడానికి క్షణం పట్టదు, తొమ్మిది ప్రాణాల మాట నమ్ముకుంటే కష్టం. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు పావురాల వల కట్టించుకునే ఉంటారు, ఆ మనిషి నంబరు తీసుకుని ఈ ఆదివారం మీవారిని దగ్గరుండి కట్టించమనండి. తల్లితో మాట్లాడటానికి ఎలా మొదలుపెట్టాలో తెలియక తిరుగుతుంటే, వల ఎంత ఎత్తు కట్టించాలో ఆవిడనే అడగమనండి. అప్పటిదాకా బాల్కనీ తలుపు వేసే ఉంచండి.