బ్రాన్సన్ ట్రిప్పు, 99 డాలర్ల ప్యాకేజీ, మధ్యలో టైమ్‌షేర్

ప్రశ్న: మేం ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంటాం. మావారిది హెచ్-1బీ, నాకు ఉద్యోగం లేదు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. ఖమ్మం నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. జూన్‌లో అందర్నీ మూడు రాత్రులు బ్రాన్సన్ తీసుకెళ్దామని 2,500 డాలర్లు పక్కన పెట్టాం. ఈలోగా మావారికి ఒక ఫోన్ వచ్చింది. 99 డాలర్లు కడితే రెండు రాత్రులు హోటల్, రెండు షో టికెట్లు ఇస్తారట, బదులుగా మేమిద్దరం రెండు గంటలు ప్రెజెంటేషన్‌కి కూర్చోవాలట. ఆయన కార్డు నంబరు చెప్పేశారు కూడా. అక్కడ టైమ్‌షేర్, అంటే ఏటా ఒక వారం రిసార్టులో ఉండే హక్కు, అమ్ముతారని తర్వాత తెలిసింది. మా ఫ్రెండ్స్ పోయినేడాది 18,000కి కొన్నారు, "అద్దె కట్టే బదులు ఆస్తి కదా" అంటున్నారు. వెళ్లమంటారా? నచ్చితే కొనమంటారా? క్రెడిట్ కార్డు మీద 3,800 బాకీ ఉంది.

జవాబు: కొనొద్దమ్మా. ప్యాకేజీ కూడా వదిలేయమనే అంటాను. ట్రిప్పుకి మాత్రం తప్పకుండా వెళ్లండి. మీ ఊరి నుంచి రెండు గంటల డ్రైవ్, అత్తయ్యగారు వాళ్లకి ఫ్లైటు బాధ లేదు, పిల్లలకి విసుగు పుట్టదు. ఆరుగురున్న కుటుంబానికి ఇంతకంటే అనువైన కొండ ప్రాంతపు ఊరు మీ చుట్టుపక్కల లేదు.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం తెలుసుకుంటే ఈ ఫోన్ ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. మిస్సోరీ రాష్ట్రంలో, ఓజార్క్ కొండల్లో ఉన్న బ్రాన్సన్ జనాభా పట్టుమని 13,000 లేదు. 1959లో బాల్డ్‌నాబర్స్ అనే అన్నదమ్ముల బృందం హాస్యం, పాటలు కలిపి ప్రదర్శనలు మొదలుపెట్టింది. 1967లో ప్రెస్లీ కుటుంబం 76వ నంబరు హైవే మీద థియేటర్ కట్టింది. 1991లో సీబీఎస్ టీవీ ఈ ఊరి మీద కథనం వేశాక దేశం నలుమూలల నుంచి జనం దిగారు, ఆ రోడ్డు పొడవునా థియేటర్లు లేచాయి. షోకి ఒక ఇబ్బంది ఉంది. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన సీటు రేపు అమ్ముదామంటే కుదరదు. అందుకే టికెట్లు గుత్తగా, చవగ్గా దొరుకుతాయి. టైమ్‌షేర్ అమ్మేవాళ్లకి అవే ఎర. హైవే మీద "సగం ధరకే టికెట్లు" అని బోర్డు పెట్టుకున్న కౌంటర్లలో చాలావాటి వెనక ఉన్న వ్యాపారం ఇదే. మీ ఆయనకొచ్చిన ఫోన్ కూడా ఆ కౌంటర్‌లాంటిదే.

ఇప్పుడు 99 డాలర్ల సంగతి. ఇలాంటి ప్యాకేజీల్లో సాధారణంగా ఇచ్చేది ఒక్క గది. నలుగురికి మించి ఉండనివ్వరు. మీరు ఆరుగురు, కాబట్టి రెండో గది మీ ఖర్చు. రాత్రికి 120 అనుకుంటే రెండు రాత్రులకి 240. ప్యాకేజీతో కలిపి 339 అయింది, చేతిలో రెండు టికెట్లు ఉన్నాయి. అదే రెండు బెడ్రూముల కాండో, అంటే అద్దెకిచ్చే ఫ్లాట్, వంటగదితో, రాత్రికి 200 చొప్పున తీసుకుంటే 400. ఆ రెండు టికెట్లు మీరే కొనుక్కుంటే ఇంకో 100. అంటే ప్యాకేజీలో మిగిలేది 160. హోటల్ గదిలో పొయ్యి ఉండదు. ఆరుగురికి రెండు పూటల టిఫిన్ బయట తింటే మనిషికి 10 చొప్పున 120 పోతుంది. అంతా చూసుకుంటే 40 డాలర్లు. కాండోలో అయితే అత్తయ్యగారు పొద్దున్నే ఉప్మా కలుపుతారు, పిల్లలు నిక్కర్లతోనే తినేస్తారు. ఈ 40 డాలర్ల కోసం మీరిద్దరూ సెలవురోజు పొద్దున్న ఒక గదిలో కూర్చోవాలి.

పైగా షరతులు ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ రావాలి, ఆదాయం ఇంత ఉండాలి, క్రెడిట్ కార్డు చూపించాలి. ప్రెజెంటేషన్ ఎగ్గొడితే గదికి మామూలు అద్దె కార్డు మీద వేసేస్తారు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. మొదట ఒకాయన కాఫీ ఇచ్చి, పిల్లల పేర్లడిగి, ఇప్పటిదాకా సెలవులకి ఎంత తగలేశారో ఒక కాగితం మీద మీ చేతే రాయిస్తాడు. వద్దంటే మేనేజర్ వస్తాడు, ధర సగానికి దిగుతుంది, కానీ "ఈరోజుకే". అదీ వద్దంటే గిఫ్టు ఇచ్చే బల్ల దగ్గర మూడో మనిషి ట్రయల్ ప్యాకేజీ తీస్తాడు. డౌన్ పేమెంట్‌కి డబ్బు లేదంటే అక్కడికక్కడే కొత్త క్రెడిట్ కార్డుకి అప్లికేషన్ పెట్టిస్తారు. రెండు గంటలన్నది నాలుగవుతుంది. మనవాళ్లు ఇక్కడ పడిపోయేది లెక్క రాక కాదు. "పాపం ఇంతసేపు చెప్పాడు, కాఫీ కూడా ఇచ్చాడు" అన్న మొహమాటంతో. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఉంది, ఇక్కడ పూర్తిగా రాయలేను.

మీ ఫ్రెండ్స్ చెప్పిన ధరతోనే లెక్క వేద్దాం. 18,000లో పది శాతం ముందు కట్టి, మిగిలిన 16,200 పదేళ్లకి 15 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. టైమ్‌షేర్ అప్పుల్లో ఇది పెద్ద వడ్డీ ఏం కాదు. నెలకు 261 కట్టాలి, పదేళ్లలో 31,300 పైన అవుతుంది. ముందు కట్టిన 1,800 కలిపితే 33,000 దాటింది. దీనికి ఏటా మెయింటెనెన్స్ ఉంటుంది. మొదటి ఏడు 1,100తో మొదలై ఏడాదికి 5 శాతం పెరిగితే పదేళ్లకి 13,800. మొత్తం 47,000. ఏడాదికో వారం చొప్పున పది వారాలు, అంటే వారానికి 4,700, రాత్రికి 670. నేను పైన చెప్పిన కాండో వారమంతా తీసుకున్నా 1,400. ఆ లెక్కలో టైమ్‌షేర్‌ని ఎక్కడ పెట్టినా ఇమడదు.

"ఆస్తి" అన్న మాట దగ్గర నాకు కొంచెం కోపం వస్తుంది. ఆస్తి అంటే అమ్మితే ఎంతోకొంత రావాలి. పాత టైమ్‌షేర్లు ఆన్‌లైన్‌లో ఒక్క డాలరుకి పెట్టినా తీసుకునేవాళ్లు లేక పడి ఉంటాయి. మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఆగదు. చాలా కాంట్రాక్టులకి గడువే ఉండదు. మీది హెచ్-1బీ. రేపు గ్రీన్ కార్డు ఆలస్యమై, లేదా ఉద్యోగం పోయి, ఖమ్మం వెళ్లిపోవాల్సి వస్తే ఇల్లు అమ్ముకోవచ్చు, కారు అమ్ముకోవచ్చు. దీన్ని అమ్మడం కష్టం. వదిలించుకుందామని చూసేవాళ్ల కోసం ఇంకో వ్యాపారమే పుట్టింది. "ముందు కొన్ని వేలు కట్టండి, మీ టైమ్‌షేర్ రద్దు చేయిస్తాం" అంటారు. మిస్సోరీ కేంద్రంగా ఇదే పని చేసి 9 కోట్ల డాలర్లకు పైగా దండుకున్నారని ఒక గుంపు మీద 2022లో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెళ్లింది.

టైమ్‌షేర్ ఎవరికీ పనికిరాదని అనను. అప్పు లేకుండా, సెకండ్ హ్యాండ్‌లో నామమాత్రపు ధరకి కొని, ఏటా అదే ఊరికి తప్పకుండా వెళ్లేవాళ్లకి, మెయింటెనెన్స్ బయటి అద్దెకంటే తక్కువైతే, గిట్టుబాటు కావొచ్చు. అందులో ఒక్కటి కూడా మీకు వర్తించదు.

మీ ఫ్రెండ్స్‌కి ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు. కానీ ఈమధ్యే సంతకం పెట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మిస్సోరీలో కొన్నవాళ్లకి రద్దు చేసుకోవడానికి అయిదు రోజులు టైమ్ ఉంది. ఫోన్ చేసి ఊరుకోకండి. కాంట్రాక్టులో రాసిన పద్ధతిలో, రాసిన అడ్రసుకి, సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. టెన్నెసీ కొండల్లోని పిజియన్ ఫోర్జ్ వైపు కొన్నవాళ్లకి గడువు ఇంకొంచెం ఎక్కువ.

ఇక మీ 2,500. కాండో మూడు రాత్రులకి 600. డాలీ పార్టన్ స్టాంపీడ్ డిన్నర్ షోకి ఆరుగురికి 450 పెట్టుకోండి. గుర్రాలు, పందేలు, పాటలు కాబట్టి ఇంగ్లిష్ రాకపోయినా మామయ్యగారికి అర్థమవుతుంది. అక్కడ స్పూన్లు, ఫోర్కులు ఇవ్వరు, సూప్ గిన్నె ఎత్తి తాగాలి, మిగతాది చేత్తో తినాలి. ఇంతకంటే మన షో ఏముంది! శాకాహారం కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి, లేకపోతే కోడి మొత్తం తెచ్చి ముందు పెడతారు. సైట్ అండ్ సౌండ్ థియేటర్‌కి 350. బైబిల్ కథ మీకు కొత్తయినా, మూడు వైపులా ఉన్న స్టేజీ, నిజం జంతువులు చూసి పిల్లలు నోళ్లు తెరుస్తారు. సిల్వర్ డాలర్ సిటీ అనే థీమ్ పార్కుకి మీరిద్దరూ పిల్లలూ చాలు, 380. అక్కడ అన్నీ ఎత్తుపల్లాలే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లి టికెట్టు దండగ చేసుకోవద్దు. ఆ పూట పెద్దవాళ్లని కాండోలోనే ఉంచండి. టేబుల్ రాక్ డ్యామ్, దాని కింద ట్రౌట్ చేపపిల్లల్ని పెంచే హేచరీ ఉచితంగా చూడొచ్చు, అక్కడికి మాత్రం అందరూ కలిసి వెళ్లండి. తిండికి 350, పెట్రోలుకి 60. మొత్తం 2,190.

మిగిలిన 310 షాపింగ్‌కి కాదు. 24 శాతం వడ్డీ అనుకుంటే మీ కార్డు బాకీ మీద నెలకు 76 డాలర్లు వడ్డీకే పోతోంది. 310 అటు కట్టండి. సైట్ అండ్ సౌండ్ వదిలేస్తే ఇంకో 350 కలుస్తుంది, అది మీ ఇష్టం. నేనైతే షో చూసి, వచ్చే రెండు నెలలు బయట తిండి తగ్గిస్తాను. అత్తయ్యగారు వాళ్లు ఇక్కడికి మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు కదా. వాళ్లకి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోకపోతే మాత్రం కార్డు కంటే ముందు అది తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే ఆ పాత జబ్బులు ఒక్కసారిగా ముదిరినప్పుడు ఎంతవరకు కవర్ అవుతుందో పాలసీలో చదివి చూసుకోండి.

ఈ వారం చేయాల్సింది ఒకటే. ప్యాకేజీ కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్ తెరిచి రద్దు గడువు చూడండి. గడువు ఉంటే ఈరోజే రాతపూర్వకంగా రద్దు చేసి 99 వెనక్కి అడగండి. దాటిపోయి ఉంటే, హోటల్ తేదీలు ఖరారు చేయకముందే ఆగిపోండి. తేదీలు తీసుకుని రాకపోతేనే మామూలు అద్దె మీద పడేది. 99 పోతే పోయింది. అది వసూలు చేసుకుందామని మాత్రం వెళ్లొద్దని మీ ఆయనకి చెప్పండి.