డయాలసిస్ మొదలైంది.. ఉద్యోగం మానేసి పెన్షన్‌కు వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 42. మాది ఉద్దానం. అనకాపల్లి జిల్లా పరవాడ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. 11 ఏళ్ల సర్వీసు. జీతం రూ.20,400, అంతా బేసిక్, డీఏ కిందే. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. పీఎఫ్‌లో రూ.4.1 లక్షలు ఉంది. కిడ్నీలు పాడై రెండు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. ‘రాజీనామా చేసి పీఎఫ్ తీసుకో, వికలాంగ పెన్షన్ పెట్టుకో’ అని హెచ్ఆర్ వాళ్లు అంటున్నారు. నా భార్య కుట్టుపని చేస్తే నెలకు నాలుగైదు వేలు వస్తాయి. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. ఇంటి లోను కిస్తీ రూ.4,200. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. మీకు రావాల్సిన వాటిలో చాలా భాగం మీరు సర్వీసులో ఉన్నంతకాలమే మీవి. రాజీనామా ఏదో ఒకరోజు అవసరం పడొచ్చు. కానీ అది చివర్లో చేయాల్సిన పని. దాన్ని మొదట చేస్తే మిగతావి చేజారిపోతాయి.

‘వికలాంగ పెన్షన్’ అన్న మాట దగ్గరే మీకు తప్పు సమాచారం అందింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. మీకు వేరే వైకల్యం ఏదీ లేకపోతే వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపుల చుట్టూ తిరిగినా ఫలితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద విడిగా ఒక కేటగిరీ ఉంది, నెలకు రూ.10,000 ఇస్తారు. కాకపోతే దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది: పల్లెల్లో నెలకు రూ.10,000, పట్టణాల్లో రూ.12,000. మీ జీతం నడుస్తున్నంతకాలం అది రాదు. ఉద్యోగం పోయాక వచ్చినా అది ప్రభుత్వం ఇచ్చే సంక్షేమ సాయమే. పీఎఫ్ లాగా మీ పేరున పోగైన సొమ్ము కాదు, నిబంధనలు మారితే అదీ మారుతుంది. (తెలంగాణలో ఉన్నవారికి ఇదే పెన్షన్ రూ.2,016 మాత్రమే. అక్కడ రాజీనామా ఆలోచన ఇంకా బరువైనది.)

మీ అసలు బలం ఈఎస్ఐ. అందులో రెండు రకాల నగదు సాయం ఉంది. మొదటిది మామూలు సిక్‌నెస్ బెనిఫిట్: జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. మీ లెక్కన రోజుకు సుమారు రూ.470. రెండోది ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్, అందరూ ఈఎస్‌బీ అంటారు. 34 దీర్ఘకాలిక జబ్బులకు జీతంలో 80 శాతం, మెడికల్ బోర్డు సమీక్షలతో గరిష్ఠంగా రెండేళ్లు ఇస్తారు. దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం ఆ జాబితాలో ఉంది. రెండేళ్ల నిరంతర ఉద్యోగం, గత నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (చందా లెక్కించే ఆరేసి నెలల కాలాలు) 156 రోజుల చందా ఉండాలి. మీకు రెండూ ఉన్నాయి. మీ జీతానికి ఇది నెలకు సుమారు రూ.16,000 అవుతుంది. మామూలు బెనిఫిట్ 91 రోజులు అయిపోయాక ఇది మొదలవుతుంది. ఈ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో యజమాని మిమ్మల్ని తొలగించకూడదు. హెచ్ఆర్ వాళ్లు రాజీనామా ‘అడగడానికి’ కారణం ఇదే కావచ్చు. మీరై రాసిస్తే ఆ రక్షణ వర్తించదు.

అలాగని ఈఎస్‌బీని ఇప్పుడే మొదలుపెట్టమని నేను చెప్పను. ఆ రెండేళ్లూ మీ దగ్గరున్న నిల్వ. రేపు కిడ్నీ మార్పిడి కుదిరితే నెలల తరబడి పనికి దూరంగా ఉండాలి. ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరినా అంతే. ఆ రోజుల కోసం దాన్ని దాచుకోండి. అవయవ మార్పిడి కోసం ఎదురుచూసేవారి పేర్లు నమోదుచేసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి ఈ నెలలోనే మీ నెఫ్రాలజిస్టుతో మాట్లాడండి.

ఇప్పటికి పని మానకుండానే భారం తగ్గించుకునే దారి చూద్దాం. వారానికి మూడు సిట్టింగులు, ఒక్కోటి నాలుగు గంటలు. వాటిలో ఒకటి మీ వారపు సెలవు రోజున పడేలా సెలవు మార్పించుకుంటే వారానికి పోయే పనిదినాలు మూడు నుంచి రెండుకు తగ్గుతాయి. అంటే నెలకు తొమ్మిది. డయాలసిస్ సెంటర్‌లో సాయంత్రం స్లాటు దొరికి, జనరల్ షిఫ్టు ముగించుకుని వెళ్లి రాత్రి ఇంటికొచ్చి పడుకోగలిగితే ఆ రెండూ కూడా మిగలొచ్చు. ఒంట్లో ఓపిక చూసుకునే అలా చేయండి. పోయిన ఆ తొమ్మిది రోజులకు ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ అడగొచ్చు. ప్రతి జబ్బు విడతలో మొదటి రెండు రోజులకు డబ్బు ఇవ్వరు. అయితే ముందు విడత నుంచి 15 రోజుల్లోపే మళ్లీ సెలవు పెడితే ఆ కోత ఉండదు. మీకు ప్రతి వారం సెలవే కాబట్టి మొదటిసారి తప్ప కోత పడదు. నెలకు తొమ్మిది రోజులంటే 91 రోజులు పది నెలలు వస్తాయి. జీతంలో రూ.6,100 పోయి ఈఎస్ఐ నుంచి రూ.4,200 వస్తే చేతికి సుమారు రూ.18,500. రాజీనామా చేసి పెన్షన్ మీద బతికితే రూ.10,000. పైగా పనిలో కొనసాగితే పీఎఫ్ జమ ఆగదు, ఈఎస్ఐ వైద్యం ఆగదు.

కంపెనీకి మౌఖికంగా చెప్పకండి, ఉత్తరం ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. దానికి జతచేసే డాక్టర్ లెటర్‌లో ‘తేలికపాటి పని ఇవ్వగలరు’ అన్న ఒక్క ముక్క చాలదు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో కార్టన్లు ఎత్తకూడదని, నైట్ షిఫ్టు వద్దని, నీళ్లు కొలిచి తాగాల్సిన మనిషి కాబట్టి వేడి ఉన్న చోట నిలబెట్టకూడదని విడివిడిగా రాయించండి. ప్యాకింగ్ సెక్షన్‌లోనే బ్యాచ్ రికార్డులు, లేబుళ్ల లెక్క చూసే కుర్చీ పని ఉంటుంది. ఆ పేరు పెట్టి అడగండి. అడిగింది స్పష్టంగా ఉంటే కాదనడం వాళ్లకు కష్టం.

ఇక జీతం పెంపు సంగతి. ఈఎస్ఐ పరిమితి నెలకు రూ.21,000. మీకు 5 శాతం ఇంక్రిమెంట్ వేస్తే జీతం రూ.21,420 అవుతుంది, మీరు ఈఎస్ఐ నుంచి బయటపడతారు. నెలకు వెయ్యి రూపాయల కోసం డయాలసిస్ వైద్యం, ఈఎస్‌బీ రెండూ పోతాయి. బయట సిట్టింగ్‌కు రెండు వేలు వేసుకున్నా నెలకు రూ.26,000. అందుకే జీతం 21 వేలు దాటకుండా చూడమని ముందే రాసివ్వండి. తప్పదంటే కనీసం పెంపు అమల్లోకి వచ్చే తేదీ చూసుకోండి. ఏప్రిల్ 1 నుంచి పెంచితే మార్చి 31తోనే మీ చందా ఆగుతుంది. మే 1 నుంచి పెంచితే సెప్టెంబర్ 30 వరకు కొనసాగుతుంది, ఆ చందా మీద వచ్చే జూన్ దాకా బెనిఫిట్ పీరియడ్ (సాయం అందే కాలం) ఉంటుంది. ఒక్క నెల ఆలస్యంతో ఆరు నెలల వైద్యం మిగులుతుంది.

చెప్పడానికి బరువుగా ఉన్నా ఇంకోటి చెప్పాలి. పీఎఫ్‌తోపాటు ఈడీఎల్ఐ అనే బీమా ఉంటుంది. సర్వీసులో ఉండగా ప్రాణం పోతే కుటుంబానికి డబ్బు వస్తుంది. మీ జీతం, పీఎఫ్ నిల్వ ప్రకారం అది గరిష్ఠ మొత్తం, అంటే రూ.7 లక్షలు. రాజీనామాతో అది పోతుంది. జీతం లేని సెలవు ఏళ్ల తరబడి సాగి పీఎఫ్ జమ ఆగినా ఆ బీమా బలహీనపడుతుంది. మీరు పనిలో కొనసాగడం మంచిదని నేను అనడానికి ఇది పెద్ద కారణం. ఈ జబ్బుతో కొత్తగా టర్మ్ పాలసీ దొరకడం దాదాపు అసాధ్యం కదా.

పనిచేయడం నిజంగా కుదరని రోజు వస్తే అప్పుడు సిక్‌నెస్ బెనిఫిట్, ఆ తర్వాత ఈఎస్‌బీ. సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ రానివ్వకండి, ఫారం 9 క్లెయిమ్‌తో బ్రాంచ్ ఆఫీసుకు వెంటవెంటనే ఇవ్వండి. ఈఎస్‌బీ ఏడాదిన్నర దాటి, మార్పిడి ఆశ కూడా లేకపోతే, సర్వీసులో ఉండగానే పీఎఫ్‌తోపాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్ కింద శాశ్వత సంపూర్ణ అశక్తత పెన్షన్‌కు ఫారం 10డీ పెట్టండి. మీరు చేస్తున్న పనికి పూర్తిగా, శాశ్వతంగా పనికిరారని మెడికల్ బోర్డు తేల్చాలి. మార్పిడికి అవకాశం ఉందని రికార్డులో ఉంటే తిరస్కరించే వీలుంది. మంజూరైతే, పెన్షన్‌కు లెక్కించే జీతం రూ.15,000ను 11 ఏళ్ల సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే: నెలకు రూ.2,357, జీవితాంతం. ముందే రాజీనామా చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. పదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి ఆ సొమ్ము వెనక్కీ రాదు, 58 ఏళ్ల దాకా ఆగాలి. 50 దాటాక తీసుకోవచ్చు గానీ ముందుగా తీసుకునే ప్రతి ఏడాదికీ 4 శాతం కోస్తారు.

ఉద్యోగం వదిలే రోజున కాగితం మీద ‘రాజీనామా’ అని ఉండకూడదు. ‘అనారోగ్యం వల్ల పనికి అశక్తుడై ముందస్తు విరమణ’ అని ఉండాలి. ఐదేళ్లకు పైగా ఈఎస్ఐలో ఉండి ముందస్తు విరమణ పొందినవారు ఏడాదికి రూ.120 కట్టి తమకు, జీవిత భాగస్వామికి ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. రాజీనామా చేసినవారికి అది లేదు. పిల్లలకు ఇది వర్తించదు. గ్రాట్యుటీ మీకు ఎలాగూ వస్తుంది: 20,400ను 26తో భాగించి, 15తో, 11తో గుణిస్తే రూ.1,29,461. ఎన్టీఆర్ భరోసాకు సచివాలయంలో దరఖాస్తు అప్పుడు పెట్టండి. ఈపీఎస్ డబ్బు, మీ భార్య సంపాదన కలిపి ఎంత వస్తుందో ఉన్నదున్నట్టు చూపించండి. మంజూరు చేయిస్తామనే దళారులకు పైసా ఇవ్వకండి. ఊరికి వెళ్లిపోవాలనుకుంటే పలాస వైపు డయాలసిస్ స్లాటు ఖరారయ్యాకే సామాను సర్దండి.

ఈలోపు వైద్య ఖర్చులకు చేయి ఆడకపోతే ఉద్యోగంలో ఉండగానే పీఎఫ్ నుంచి వైద్య అడ్వాన్సు తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. కానీ నిల్వ మరీ తగ్గనివ్వకండి. పైన చెప్పిన ఏడు లక్షల్లో రూ.1.75 లక్షలు గత 12 నెలల సగటు పీఎఫ్ నిల్వ రూ.3.5 లక్షలకు తగ్గకుండా ఉంటేనే వస్తాయి. లోను కాగితాలు తీసి, దానితోపాటు ఇచ్చిన బీమా అనారోగ్య అశక్తతకు వర్తిస్తుందేమో చూడండి. సాధారణంగా మరణానికే ఉంటుంది. ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది: యూఏఎన్ పోర్టల్‌లోకి వెళ్లి ఈ-నామినేషన్‌లో మీ భార్య, పిల్లల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకుని ఈ-సైన్ పూర్తిచేయండి.