హ్యూస్టన్‌కు కొత్తగా వచ్చారా? హరికేన్‌కు పేరు పెట్టకముందే చేయాల్సిన పనులివి

హరికేన్ సీజను జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉధృతి ఎక్కువ. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు తుపాను కొత్తేమీ కాదు. అయితే అక్కడ ముప్పు దగ్గరపడితే రెవెన్యూ వాళ్లు ఊళ్లోకొచ్చి, జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తారు. ఇక్కడ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు హెచ్చరిక ఇస్తారు. దాన్ని విని కదలాల్సింది, కారు తీయాల్సింది మీరే.

ముందు ఇన్సూరెన్స్ సంగతి చూసుకోండి, ఎందుకంటే దీనికే ఎక్కువ వ్యవధి కావాలి. మామూలు ఇంటి పాలసీ గానీ, అపార్ట్‌మెంట్ వాళ్లు తీసుకోమనే రెంటర్స్ పాలసీ గానీ వరద నష్టానికి పైసా ఇవ్వదు. వరదకు పాలసీ వేరే ఉంది. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. తుపాను హ్యూస్టన్ దగ్గరి గల్ఫ్ సముద్రంలో ఉందని టీవీలో చూసి ఏజెంటుకు ఫోన్ చేస్తే లాభం లేదు. ఆ ప్రభుత్వ బీమాలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు. అద్దెకుండేవాళ్లు సామాను వరకే తీసుకోవచ్చు. 'మీది ఫ్లడ్ జోన్ ఎక్స్ (వరద ముప్పు తక్కువని గుర్తించిన ప్రాంతం), అక్కర్లేదు' అని రియల్టర్ చెప్తే ఊరుకోకండి. 2017లో హార్వీ హరికేన్‌కు హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా ప్రమాద జోన్ బయటివే. కేటీ వైపు ఇల్లు కొనేవాళ్లు అది ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల నీళ్లు నిలిచే పరిధిలో ఉందేమో తప్పకుండా చూడండి.

చదువుకోవడానికి వచ్చినవాళ్లు పాత కారు కొని లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే ఇచ్చేది) ఒక్కటే కడుతుంటారు. అది నీళ్లలో మునిగిన కారుకు వర్తించదు, దానికి కాంప్రహెన్సివ్ (వరద లాంటి వాటివల్ల సొంత కారుకు జరిగే నష్టానికి ఇచ్చే పాలసీ) ఉండాలి. హ్యూస్టన్‌లో కాలువలు పట్టని వాన నీళ్లు వీధుల్లో నిలిచేలా రోడ్లు కట్టారు. కాబట్టి ఇల్లు మునక్కపోయినా వీధిలో పెట్టిన కారు మునుగుతుంది. ముందురోజే ఎత్తయిన చోటికో, పార్కింగ్ గరాజ్ పై అంతస్తుకో చేర్చండి.

వెళ్లాలా, ఉండాలా? నీటికి దూరంగా పోవాలి, గాలికి ఇంట్లో దాక్కోవాలి. క్లియర్ లేక్, లీగ్ సిటీ లాంటి తీరప్రాంతాలకు జిప్ కోడ్ ప్రకారం ఖాళీ చేయించే జోన్లున్నాయి. మీది ఏ జోనో ఇవాళే చూసి పెట్టుకోండి, ఆ జోన్ పేరు చెప్పగానే బయల్దేరండి. జోన్ బయట, మునగని ఇంట్లో ఉన్నవాళ్లు భయంతో రోడ్డెక్కకూడదు. 2005లో రీటా హరికేన్ వస్తోందని పాతిక లక్షల మంది ఒకేసారి కదిలితే దారులన్నీ స్తంభించాయి. ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో. మ్యాపులో కనిపించే కోన్ తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్తుంది గానీ తుపాను ఎంత వెడల్పో చెప్పదు. కోన్ బయట ఉన్నా వాన కురుస్తుంది. హరికేన్‌కు ఇచ్చే కేటగిరీ అంకె (1 నుంచి 5) కూడా గాలి వేగానిదే, వాన లెక్క అందులో లేదు.

ఫీడర్ రోడ్ల (హైవే పక్కనే సాగే రోడ్ల) మీద, అండర్‌పాసుల్లో నీళ్లు కనిపిస్తే వెనక్కి తిరగండి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది, రెండడుగులైతే పెద్ద బండ్లూ అంతే.

తుపాను వెళ్లిపోయాక అసలు కష్టం కరెంటుతో. 2024 జులైలో వచ్చిన బెరిల్ హరికేన్ కేటగిరీ 1 మాత్రమే, అయినా ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, చాలామందికి రోజుల తరబడి రాలేదు. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కరెంటు పొయ్యిలే కదా, అన్నం కూడా వండుకోలేరు. అటుకులు, మరమరాలు, సున్నుండలు, పచ్చడి, బ్రెడ్, డబ్బా పాలు వారానికి సరిపడా ఉంచండి. నీళ్లు మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి. బాత్‌టబ్ నింపి పెడితే టాయిలెట్‌కు పనికొస్తుంది. ఫ్రిజ్ తలుపు తీయకపోతే 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లగా ఉంటాయి. ఇల్లు వదిలి వెళ్తుంటే గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చేసరికి నాణెం అడుగుకు చేరి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, పిండీ కూరలూ పారేయాల్సిందే.

జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీ వైపు రాకుండా పెట్టండి. తలుపు తెరిచిన గరాజ్‌లో కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గుల గ్రిల్, క్యాంపింగ్ స్టవ్ లోపల వెలిగించినా అదే ప్రమాదం. జనరేటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌కు కలిపితే కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, బాగుచేసే మనిషి చనిపోవచ్చు.

అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల బీపీ, షుగర్ మందులు రెండు వారాలకు సరిపడా చూసుకోండి. కరెంటు లేని ఇంట్లో ఆగస్టు వేడి పెద్దవాళ్లకు ఎంతమాత్రం మంచిది కాదు. దగ్గర్లోని కూలింగ్ సెంటర్ ఎక్కడో 211కు ఫోన్ చేస్తే చెప్తారు. పాస్‌పోర్టులు, ఐ-797 (ఇమిగ్రేషన్ అప్రూవల్ నోటీసు), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పిల్లల జనన ధ్రువపత్రాలు జిప్ కవర్లో పెట్టి, ఫోటోలు క్లౌడ్‌లోనూ ఉంచండి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు ఫీమా (విపత్తు సాయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నగదు సాయం రాదు. కానీ ఇక్కడ పుట్టిన, సోషల్ సెక్యూరిటీ నంబరున్న బిడ్డ మీతోనే ఉంటే, ఆ బిడ్డ తరఫున తల్లో తండ్రో దరఖాస్తు చేయవచ్చు. షెల్టరు, తిండి, నీళ్లకైతే వీసా అడగరు.

ఇల్లు తడిస్తే ఫోటోలు, వీడియో తీశాకే శుభ్రం మొదలుపెట్టండి, అయితే ఆలస్యం వద్దు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది. తడిసిన కార్పెట్‌ను బయట పడేసే ముందు ఒక ముక్క కోసి దాచిపెట్టండి, క్లెయిమ్ చూడటానికి వచ్చిన అడ్జస్టర్‌కు అది చూపించాలి.