పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్ళేముందు

చిరంజీవి చిన్నాకి, బాబాయి ఆశీస్సులు.

పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లో ఒక పరికరానికి పంపే రూల్) ఎన్నిసార్లు పెట్టినా బయటినుంచి కెమెరా తెరుచుకోవడం లేదని రాశావు. ఆ పేజీని కాసేపు వదిలెయ్. ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే బయటి లైన్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రసు, ఎంతుందో చూడు. తర్వాత నీ ఐపీ ఎంతో చెప్పే వెబ్‌సైటు ఏదైనా తెరిచి, అది చూపించే నంబరుతో పోల్చు. వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే చోటి మీదుగా తిప్పే సొరంగం) ఉంటే ఆపేసి చూడాలి సుమా. రెండూ ఒకటే అయితే సగం పని అయిపోయినట్టే. తేడా ఉంటే నీ రౌటర్‌కి అవతల ఇంకెవరో కూడా అడ్రసు మారుస్తున్నారు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే చాలావరకు దోషి ఇంట్లోనే ఉంటుంది: కనెక్షన్‌తో వచ్చిన ఫైబర్ మోడెమ్. అదీ రౌటర్‌లాగే పనిచేస్తోంది కాబట్టి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే అడ్రసు మార్చకుండా లైన్‌ని నేరుగా నీ రౌటర్‌కి అందించేలా, మార్చించు. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం నీ చేతిలో ఏమీ లేదు. ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే అడ్రసుని) కంపెనీవాళ్ళు చాలామందికి పంచుతున్నారు. 10తో మొదలైతే ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. కంపెనీవాళ్ళే పంచుతుంటే ఇంట్లో ఎన్ని రూల్స్ రాసినా దండగ. విడిగా పబ్లిక్ ఐపీ ఇమ్మని అడగడమే.

కారణం చెప్తాను. నీ ల్యాప్‌టాప్ 192.168.1.20 నుంచి, 51000 పోర్టు (ఏ కనెక్షనో గుర్తుపట్టే నంబరు) మీదుగా ఒక సైటుని అడిగిందనుకో. రౌటర్ పంపినవారి అడ్రసు చెరిపేసి తన పబ్లిక్ ఐపీ వేస్తుంది, ఏ పోర్టు ఎవరిదో తన టేబుల్‌లో రాసుకుంటుంది. జవాబు రాగానే టేబుల్ చూసి ల్యాప్‌టాప్‌కి అందిస్తుంది. బయటివాడు తనంతట తాను తలుపు తడితే టేబుల్‌లో ఏమీ ఉండదు, ప్యాకెట్‌ని (వచ్చిన డేటా ముక్కని) పారేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ టేబుల్‌లో మనం ముందే రాసిపెట్టే ఎంట్రీ. ప్యాకెట్ అసలు నీ రౌటర్ దాకా రాకపోతే ఆ ఎంట్రీ ఎందుకు?

వాన్ ఐపీ సరిగ్గా ఉంటే, కెమెరాకి డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టు, అంటే రౌటర్ దానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా. లేకపోతే ఎప్పుడో ఒకరోజు దాని ఐపీ మారి, నీ రూల్ ప్రింటర్ వైపు చూస్తూ కూర్చుంటుంది. టెస్ట్ చేసేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చెయ్యి. లోపలినుంచి పబ్లిక్ ఐపీకి వెళ్తే కొన్ని రౌటర్లు వెనక్కి తిప్పవు, బాగున్నదాన్ని కూడా పాడైందనుకుంటావు.

మేడమీద పెట్టిన రెండో రౌటర్ సంగతి. కేవలం వైఫై కోసమే అయితే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అడ్రసులు మార్చకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) పెట్టి వదిలెయ్. వేరే నెట్‌వర్క్ కావాలని నీకు పట్టుదలగా ఉంటే, దాని లాన్‌ని (లోపలి నెట్‌వర్క్‌ని) 192.168.2.0కి మార్చి, నాట్ (పైన చెప్పిన అడ్రసు మార్పిడి) ఆపేసి, మొదటి రౌటర్‌లో స్టాటిక్ రూట్ (ఏ నెట్‌వర్క్‌కి ఏ దారో చెప్పే ఎంట్రీ) రాయి: గమ్యం 192.168.2.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే రెండో రౌటర్ వాన్ ఐపీ, అంటే 192.168.1.2 లాంటిది. వెళ్ళే దారి అందరూ పెడతారు, తిరిగొచ్చే దారి ఈ రూటే, దీన్నే మర్చిపోతారు. అయితే కొన్ని చవక రౌటర్లలో నాట్ ఆపే వీలుండదు. మొదటి రౌటర్‌గా ఉన్న కొన్నేమో తమ లాన్‌కి తప్ప ఇంకో నెట్‌వర్క్‌కి అడ్రసు మార్చవు. రూట్ సరిగ్గానే ఉన్నా మేడమీద ఇంటర్నెట్ రాదు. అప్పుడు మొండికెయ్యకుండా యాక్సెస్ పాయింట్ మోడ్‌కే వచ్చెయ్.

విసుగొచ్చి డీఎంజెడ్ (బయటినుంచి వచ్చేవన్నీ ఒకే పరికరానికి వదిలే సెట్టింగు) మాత్రం పెట్టకు, ఆ పరికరాన్ని నడివీధిలో నిలబెట్టినట్టే. యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే వీలు), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి రౌటర్ సెట్టింగులు మార్చే వీలు) కూడా ఆపెయ్. నన్నడిగితే కెమెరా పోర్టు అసలు తెరవొద్దు. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంటే దాని యూడీపీ పోర్టు ఒక్కటే తెరువు, మామూలుగా 51820. దాని ద్వారా ఇంట్లోకొచ్చి కెమెరా చూసుకో.

ఏది మార్చేముందైనా కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైలు దించుకో. వాన్ ఐపీ ఎంతొచ్చిందో రాయి, మిగతాది అప్పుడు చూద్దాం.

మీ బాబాయి