పాత మిలిటరీ జీపు బాగుచేయించడానికి జనం చందాలు ఇస్తారా?

గాజువాక నుంచి ఒకరు అడిగారు: "మా పెదనాన్నగారు సైన్యం వేలంలో కొన్న పాత జీపు మా పెరట్లో తుప్పు పడుతోంది. బాగుచేయించి అందరూ చూసేలా పెట్టాలని ఉంది. మాకు అంత స్తోమత లేదు. చందాలు అడిగితే జనం ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఇస్తారండీ. మన ఉత్తరాంధ్రలో తప్పకుండా ఇస్తారు. కొందరు మాజీ సైనికులు, వాళ్ళ పిల్లలు కలిసి ఒక శక్తిమాన్ ట్రక్కును చందాలతోనే మళ్ళీ నిలబెట్టారు. అందులో లెక్కలు రాసే పని నాది. మా నాన్నగారు కూడా ఆ బండ్లలో తిరిగినవారే.

శక్తిమాన్ అంటే జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన బండి. 1965, 1971 యుద్ధాల్లో మన సైన్యాన్ని మోసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి సైన్యంలో చేరిన మన కుర్రాళ్ళు ఎక్కడో కొండ రోడ్ల మీద, దీని వెనక బల్లల మీద కూర్చుని గంటలు గంటలు ప్రయాణం చేశారు. మాకు చందా ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే, లేదా వాళ్ళ ఇళ్ళవాళ్ళే. పాత బండ్లంటే సరదా ఉన్నవాళ్ళు వచ్చి ఫొటోలు దిగారు, మెచ్చుకున్నారు, ఇచ్చింది మాత్రం తక్కువ.

విజయనగరం వైపు ఒక పల్లెలో ఒక పెద్దావిడ మాట చెప్పాలి. "సెలవుకి వచ్చేటప్పుడు స్టేషన్ దాకా ఈ బండిలోనే దింపేవారని మా ఆయన ఉత్తరాల్లో రాసేవారు బాబూ, అదెలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు" అని 500 రూపాయలు చేతిలో పెట్టింది. రసీదు తన పేరున వద్దు, ఆయన పేరున రాయమంది. ఆ తర్వాత మేం రసీదులో ఒక గీత అదనంగా వేయించాం: ఎవరి జ్ఞాపకంగా ఇస్తున్నారు, ఏ రెజిమెంట్ అని. దాంతో చందాల తీరే మారిపోయింది. 100 రూపాయలు ఇద్దామనుకున్నవాళ్ళు తండ్రి పేరు రాయించుకునేసరికి 500 ఇచ్చారు. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న కొడుకులు ఫోన్ చేసి మరీ పంపారు. ఆ పేర్లన్నీ బండి పక్కనే బోర్డు మీద రాయించాం. మీరు కూడా కరపత్రంలో జీపు ఇంజిన్ గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టి, అందులో తిరిగిన మనుషులెవరైనా ఉన్నారా అని అడగండి.

ఇక అసలు సంగతి. జీపు ఎవరిది? మీ కుటుంబం ఆస్తిగా ఉన్న బండి కోసం జనం దగ్గర డబ్బు అడగకూడదని నా గట్టి అభిప్రాయం. రేపు మీ ఇంట్లో ఎవరో దాన్ని అమ్మేస్తే, ఆ పెద్దావిడ లాంటివాళ్ళకి మీరేం సమాధానం చెబుతారు? ముందు పెదనాన్నగారి నాటి వేలం కాగితాలు వెతకండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు వాటితో సరిపోతున్నాయో చూడండి. తర్వాత ఒక సొసైటీ పెట్టి, జీపును రాతపూర్వకంగా దానికి ఇచ్చేయండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఎప్పుడైనా సొసైటీ మూతపడితే బండి ఏ స్కూలుకో, మ్యూజియానికో వెళ్ళాలి తప్ప అమ్మకూడదని నియమావళిలోనే రాసుకోండి. మమ్మల్ని అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసిన ఒక రిటైర్డ్ సుబేదార్ గారు ఆ ఒక్క వాక్యం చదివాకే చెక్కు రాశారు.

బ్యాంకు ఖాతా సొసైటీ పేరునే ఉండాలి, సంతకాలు ఇద్దరివి ఉండాలి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాకే వెళ్ళాలి, ఎవరి సొంత ఫోన్‌పేకీ కాదు. పన్ను రాయితీ గురించి చాలామంది అడుగుతారు. అందరూ 80జీ అనే ఆ రాయితీ రావాలంటే సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉండాలి, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది వర్తించదు. ఆమోదం వచ్చేదాకా ఆ మాట కరపత్రంలో వేయకండి.

మన విశాఖలో అమెరికాలో పిల్లలు లేని వీధి ఉండదు కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. అక్కడున్నా ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది మాత్రం విదేశీ విరాళం కిందకి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా దాన్ని తీసుకోకూడదు, విదేశీ పౌరులైన మన సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. మాకు అలా పెద్ద మొత్తమే పంపుతామన్న ఒకాయనకు వద్దని చెప్పాల్సి వచ్చింది. ఆయన అర్థం చేసుకుని, ఊళ్ళో ఉన్న తమ్ముడితో మాట్లాడతానన్నారు. తమ్ముడు సొంతంగా ఇచ్చారు.

డబ్బు అడిగేటప్పుడు మొత్తం ఖర్చు చెప్పి ఊరుకోవద్దు. పనిని ముక్కలు చేసి అడగండి. టైర్లు, రేడియేటర్, వెనక టార్పాలిన్, బ్రేకులు, ఇసుక కొట్టి తుప్పు వదిలించే శాండ్ బ్లాస్టింగ్, ఇలా ఒక్కోదానికి ఆటోనగర్‌లో ఎంత చెప్పారో ఆ కొటేషన్ కాగితమే చూపించండి. ఒక కాలనీవాళ్ళు కలిసి మాకు టైర్లు కొనిచ్చారు. పెయింట్ షాపు ఆయన ప్రైమర్ ఊరికే ఇచ్చారు. వస్తువుగా వచ్చినదానికీ రసీదు ఇవ్వాలి, లెక్కలో రాయాలి. నెలకోసారి జమాఖర్చులు బండి దగ్గరే గోడకి అంటించేవాళ్ళం. బండిని దాచిపెట్టి బాగుచేయించలేదు, ఆదివారాలు ఎవరైనా వచ్చి చూడొచ్చన్నాం. మెకానిక్ ఇంజిన్ విప్పి పెట్టిన రోజు చూసి వెళ్ళినవాళ్ళే మళ్ళీ చందా తెచ్చారు.

ఖర్చు అంచనా వేసేముందు ఇంకోటి తేల్చుకోవాలి. జీపు రోడ్డు మీద తిరగాలా, ఒకచోట నిలబడితే చాలా? రోడ్డెక్కించాలంటే 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ వాడకానికి తిప్పకూడదు. పైగా ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే అని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన చెబుతోంది. చందా ఇచ్చిన మాజీ సైనికులంతా ఆ రంగే కావాలంటారు, వేరే రంగు వేస్తే బాధపడతారు. అందుకే నా సలహా, ఒకచోట నిలబెట్టండి. ఇంజిన్ మాత్రం పనిచేసేలా చేయించండి. ఆగస్టు 15న, జనవరి 26న ఆవరణలోనే స్టార్ట్ చేస్తే పిల్లలకు అదే పండగ.

ఎక్కడ నిలబెడతారన్నది చందాలకు ముందే తేలాలి. ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాదే మన బీచ్ రోడ్డులో మ్యూజియం అయింది. దానికి స్థలం, నడిపే సంస్థ దొరికాయి. 1971లో ఏ విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన తీరం దాకా వచ్చి మునిగిపోయిందో, ఆ విక్రాంత్‌కి అవి దొరకలేదు. కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉండి కూడా, 2014లో సుమారు 60 కోట్లకు తుక్కు కింద అమ్ముడుపోయింది. అంత పెద్ద నౌకకే దిక్కులేకపోయింది. మీ జీపుకి ఏ స్కూలు ఆవరణో, మాజీ సైనికుల భవనమో ఒప్పుకున్నట్టు లేఖ తీసుకున్నాకే చందా పుస్తకం అచ్చు వేయించండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కోసం మాత్రం పని ఆపకండి. జాతీయ వారసత్వ పరిరక్షణ ఆ డబ్బు వాడదగ్గ పనుల జాబితాలో ఉంది, మన ఊళ్ళో పెద్ద కంపెనీలూ ఉన్నాయి. కానీ దానికి సొసైటీ సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి, ఆ తర్వాతా చాలాకాలం తిరగాలి. వస్తే షెడ్డుకి వాడుకోండి.

ఆ షెడ్డుని తేలిగ్గా తీసుకోకండి. సముద్రం నుంచి వచ్చే ఉప్పు గాలికి, బాగుచేసిన రేకు కూడా రెండు వానాకాలాల్లో బొబ్బలెక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి ఊళ్ళో ఎన్ని రేకుల కప్పులు లేచిపోయాయో మీకు తెలియంది కాదు. గట్టి స్లాబు కిందైనా, బిగించిన కమ్మీల మీద కప్పు కిందైనా పెట్టండి. వచ్చిన ప్రతి చందాలో ఐదో వంతు తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. దాని వడ్డీతో ఏటా వానలకు ముందు అడుగుభాగం గీకించి ప్రైమర్ కొట్టించడం, బ్యాటరీ మార్చడం జరిగిపోతాయి. ఈ ఐదో వంతు సంగతి చందా అడిగేటప్పుడే చెప్పండి. మేం చెప్పాం, ఒక్కరు కూడా కాదనలేదు.