రీబూట్ తర్వాత టేప్ డ్రైవ్‌ల పేర్లు ఎందుకు తారుమారవుతాయి?

లినక్స్ బ్యాకప్ సర్వర్‌కు రెండు డ్రైవ్‌ల టేప్ లైబ్రరీ (రోబో టేపులను అరల నుంచి డ్రైవ్‌లలోకి మార్చే పెట్టె) కలిపారు. రీబూట్ తర్వాత రోబో ఒక డ్రైవ్‌లో టేపు పెడుతుంటే, సాఫ్ట్‌వేర్ రెండో దానిలో వెతుకుతోంది. ఇదీ మీ ఇబ్బంది.

లైబ్రరీ చూడటానికి ఒకే పెట్టె అయినా లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు అది విడివిడి పరికరాలు. డ్రైవ్‌లను ‘ఎస్‌టీ’ డ్రైవర్ చూసుకుంటుంది. అరల్లోంచి టేపులు తీసే రోబోతో ‘ఎమ్‌టీఎక్స్’ ఆదేశం ‘ఎస్‌జీ’ డ్రైవర్ ద్వారా మాట్లాడుతుంది. చిన్న లైబ్రరీల్లో రోబోకు తరచూ వేరే చిరునామా ఉండదు, డ్రైవ్ చిరునామాలోనే లన్ 1గా (ఒకే చిరునామా కింద ఉండే ఉప-పరికరం సంఖ్య) ఉంటుంది. అందుకే రోబో అసలు కనిపించకపోతే ముందు అక్కడ చూడండి.

ఇక పేర్ల సంగతి. ఎస్‌టీ0, ఎస్‌టీ1 అన్న డ్రైవ్ పేర్లు కెర్నల్ కనుగొన్న వరుసను బట్టి వచ్చేవి. వాటిని కాన్ఫిగరేషన్‌లో ఎప్పుడూ రాయకండి. ‘డెవ్’ లోపల ‘టేప్’ డైరెక్టరీలో ‘బై-ఐడీ’ కింద యూడెవ్ (లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే భాగం) తయారుచేసే లింకులు పరికరం గుర్తింపును బట్టి ఉంటాయి కాబట్టి రీబూట్‌కు మారవు. వాటిలోనూ చివర ‘ఎన్‌ఎస్‌టీ’ ఉన్నదే ఎంచుకోండి. అది లేని లింకు, మూసిన వెంటనే టేపును మొదటికి చుట్టేస్తుంది. ఆ తర్వాతి జాబ్ నిన్నటి బ్యాకప్ మీదే రాసేస్తే, డేటా పోయిన సంగతి రిస్టోర్ చేసే రోజున కానీ తెలియదు. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఈ పనిలో లేదు.

చివరగా, ఎమ్‌టీఎక్స్‌తో ఒక టేపును డ్రైవ్ 0లోకి ఎక్కించి, ఏ లింకు దగ్గర డ్రైవ్ స్థితి చూపే ‘ఎమ్‌టీ స్టేటస్’ ఆదేశం టేపు ఉందని చెబుతుందో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ 0కు ఆ లింకునే ఇవ్వండి.